ముట్లుడుగు వయస్సు: కొన్ని భ్రమలు

(ఐ. పోలవరము గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ సభలయందు భారతమును గూర్చియో భాగవతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి విషయము స్త్రీల శరీరమునకు సంబంధించినది. సభలో పురుషులే యెక్కువగా నున్నారు గదా, ఈ ప్రసంగ మిచ్చట నేల యని కొందరికి తోపవచ్చును. అయితే ఇల్లాలికి గర్భసంచి తీయింపవలెనా వద్దా యని ఇంట నిర్ణయించువారు తరచుగా మగవారే. ఆసుపత్రి కాగితముపై సంతకము చేయువారును వారే. కావున ముందుగా వినవలసినవారును వారే.

ఇక సిగ్గు అందురా, మన పూర్వులకు ఈ విషయమున సిగ్గు లేదు. చరక సంహిత చికిత్సాస్థానమున ఒక అధ్యాయము ముఖ్యముగా స్త్రీల రోగములకు వినియోగింపబడినది. అందు ఇరువది రోగములు పేరుపేరున చెప్పబడినవి. వీరేశలింగము పంతులుగారు 1883లో స్త్రీలకొరకు సతీహితబోధిని యను పత్రికను వెలువరించిరి. ఆరోగ్య విషయములు వారికి సులభముగా తెలియుటకై దేహారోగ్య ధర్మబోధినిని గూడ రచించిరి. 1928లో చెన్నపురినుండి డాక్టరు కె. ఎన్. కేసరిగారు గృహలక్ష్మి మాసపత్రికను నెలకొల్పిరి. వారి కేసరి కుటీరపు లోధ్ర మందు పేరు ఎరుగని తెలుగు ఇల్లు ఆ కాలమున అరుదు. ఇంతమంది ఇన్ని విధముల చెప్పినను, నలుబదియైదేండ్ల ఇల్లాలు తన దేహమున జరుగుచున్న మార్పు ఏమిటో తెలియక భయపడుట నేటికిని మానలేదు. అంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు. భయపడనక్కరలేని చోట కోతకు సిద్ధపడుదురు; భయపడవలసిన చోట ఊరకుందురు.

మొదట అసలు సంగతి. ఆడశిశువు పుట్టునప్పుడే ఆమె అండాశయములందు పది మొదలు ఇరువది లక్షల అండబీజములుండును. ఈ పద్దునకు ప్రారంభపు నిలువయే గాని పిమ్మట జమ లేదు, ఖర్చు మాత్రమే. రజస్వల యగునాటికి మూడు నాలుగు లక్షలు మిగులును. వానిలో జీవితకాలమంతయు కలిపి పక్వమై వెలువడునవి నాలుగైదు వందలు. తక్కినవి తమంతట తామే క్షీణించిపోవును. నిలువ వేయికి దిగజారునప్పటికి అండాశయములు ఈస్ట్రోజన్ అను హార్మోనును చాలినంతగా తయారుచేయజాలవు. అంతట ముట్లు క్రమము తప్పి, తరువాత నిలిచిపోవును. పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రానియెడల ముట్లుడిగినవని వైద్యు లందురు. మన దేశమున ఇది సాధారణముగా నలుబదియారు, నలుబదియేడు సంవత్సరముల ప్రాంతమున జరుగును. సుశ్రుతుడు శారీరస్థానమున, ఋతువు పండ్రెండేండ్లకు మొదలై ఏబదియేండ్లకు దేహము పరిపక్వమైనప్పుడు క్షయించునని చెప్పియున్నాడు. సూక్ష్మదర్శినులు లేని కాలమున ఇంత దగ్గరగా చెప్పగలుగుట ఆశ్చర్యకరము. అంతకంటె గమనింపదగినది, ఆయన దీనిని వార్ధక్య ధర్మముగా చెప్పెనేగాని రోగముగా చెప్పలేదు. అయితే నలుబదియేండ్లు నిండకమునుపే ముట్లు నిలిచిన స్త్రీ తప్పక వైద్యునికి చూపించుకొనవలెను. అది కాలము రాకమునుపు వచ్చినది గనుక కారణము వెదకవలసియుండును.

పల్లెలలో మిక్కిలి బలముగా నాటుకొనియున్న భ్రమ “చెడు రక్తము” అనునది. నెలనెలా పోవలసిన చెడు రక్తము పోక లోపల నిలిచి గడ్డ కట్టుననియు, తలకెక్కుననియు, కంటిచూపు మందగింపజేయుననియు అందురు. ముట్టునందు పోవునది చెడు రక్తము కాదు. గర్భము నిలుచునేమో యని గర్భాశయము లోపల నెలనెలా ఒక మెత్తని పొర సిద్ధమగును. గర్భము నిలువనప్పుడు ఆ పొర విడిపోయి రక్తముతో కూడ వెలువడును. హార్మోను తగ్గినపిమ్మట ఆ పొరయే ఏర్పడదు. ఏర్పడనిది లోపల నిలుచుట యెట్లు?

ఈ భ్రమకు భాగవతమును సాక్ష్యముగా చూపువారు కలరు. షష్ఠస్కంధమున, ఏర్చూరి సింగన తెనిగించిన భాగమున, ఆ కథ యున్నది. విశ్వరూపుని చంపిన ఇంద్రుని పాపమును భూమి, జలము, వృక్షములు, స్త్రీలు నాలుగు పాళ్లుగా పంచుకొనిరి. భూమికి చవుడు, నీటికి నురుగు, చెట్టునకు బంక, స్త్రీకి రజస్సు వచ్చినవి. ప్రతిగా ఒక్కొక్కరు ఒక్కొక్క వరము పొందిరి. ఈ కథను చెప్పి స్త్రీని దూరముగా కూర్చుండబెట్టువారు తక్కిన మూడు పాళ్లను మరచిపోవుదురు. గౌతమి నీటిపై నురుగు తేలెనని స్నానము మానినవారు లేరు. మామిడిచెట్టు బంక కార్చుచున్నదని దానిని వేళ్లతో పెకలించినవారును లేరు. స్త్రీ విషయమున మాత్రము ఆ పెకలించుటయే నేడు జరుగుచున్నది. ఆ మాట ముందు వచ్చును.

రెండవది “వేడి చేసినది” అనుమాట. ముట్లుడుగు కాలమున నూటికి చాలమంది స్త్రీలకు ఉన్నట్లుండి రొమ్మునుండి మెడకు, మొగమునకు ఆవిరి సోకినట్లు వేడి యెక్కును, చెమట పట్టును, గుండె దడదడలాడును, ఒకటి మొదలు ఐదు నిమిషములలో తగ్గిపోయి చలి పుట్టును. రాత్రివేళ ఇట్లైనచో నిద్ర చెడును. నిద్ర చెడినచో మరునాడు విసుగు, మతిమరుపు కలుగును. ఇంటివారు దీనికి తలకొక పేరు పెట్టుదురు. అత్తగారు జ్వరమనును, భర్త రక్తపుపోటనును, ఇరుగుపొరుగువారు గాలి సోకినదని తాయెత్తు కట్టించుమందురు. మెదడులో శరీరపు వేడిని సరిచూచు భాగమొకటి కలదు. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు అది కొంచెపు వేడికే ఉలికిపడి చెమటను పుట్టించును. రహస్యమంతయు ఇంతే. కొందరికి కొద్ది నెలలలో తగ్గును, కొందరికి ఏడెనిమిదేండ్లుండును. కొబ్బరినీళ్లు, మజ్జిగ త్రాగుటవలన హాని లేదు, హాయిగనే యుండును; కాని వానివలన ఈ వేడి కుదురునని నమ్మి ఓర్వలేని బాధను దాచుకొనుట తగదు. పలుచని నూలుబట్టలు, గాలి వచ్చు పడక, రాత్రిపూట కాఫీ, కారము తగ్గించుట కొంత మేలు చేయును. విసుగును గూర్చి మాత్రము ఒక మాట. కోపము, దుఃఖము అన్నియు ముట్లవలననే యని త్రోసివేయుటయు తప్పే. దిగులు వారములతరబడి విడువనియెడల అది వేరు రోగము. దానికి వేరు మందు కలదు.

హార్మోను మాత్రలను గూర్చి రెండు విపరీతపు అభిప్రాయములు వ్యాపించినవి. అవి యౌవనమును తిరిగి తెచ్చునని కొందరు, తప్పక క్యాన్సరు తెచ్చునని కొందరు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన నడుమ నిలుపబడి, ఆ మాత్రలు వాడినవారిలో రొమ్ము క్యాన్సరు కొంత హెచ్చినదని తెలిసినప్పటినుండి భయము లోకమంతట ప్రాకినది. అందు పాల్గొనిన స్త్రీల సగటు వయస్సు అరువదిమూడేండ్లు. బాధ మిక్కుటముగానున్న ఏబది యేండ్ల స్త్రీ సంగతి వేరు. ముట్లుడిగి పదియేండ్లు మించని, అరువది దాటని స్త్రీలకు సాధారణముగా హానికంటె మేలే యెక్కువయని నేటి వైద్యుల నిర్ణయము. రొమ్ము క్యాన్సరు వచ్చియున్నవారికిని, రక్తనాళములందు గడ్డలు కట్టియున్నవారికిని ఇవి తగవు. ఎవరికి తగునో వైద్యుడు చూచి చెప్పవలెను. మందుల దుకాణమువాడు కాదు.

ముట్లు క్రమము తప్పినవి గనుక ఇక గర్భము రాదని ధీమాగా నుండుట మరియొక పొరపాటు. ఏబది దాటినవారు కడపటి ముట్టు పిమ్మట ఒక సంవత్సరము, ఏబదికి లోపలివారు రెండు సంవత్సరములు జాగ్రత్త వహింపవలెను. పెండ్లీడు కూతురున్న తల్లి తాను గర్భవతినని తెలిసికొని తల దించుకొనుట యెందులకు వచ్చెనో దీనివలన తెలియును.

ఇక ముఖ్య విషయము. ఆంధ్రప్రదేశమున పదునైదు మొదలు నలుబదితొమ్మిది సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 9 మందికి గర్భసంచి తీసివేయబడినదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. 2015–16లో నట్లే యుండెను; 2019–21లో నట్లే యున్నది. దేశమంతటి లెక్క నూటికి సుమారు 3. భారతదేశమున ఈ కోతలో మొదటి స్థానము మన రాష్ట్రమునది, రెండవది తెలంగాణమునది. కోత జరిగిన వయస్సు దేశమున మధ్యస్థముగా ముప్పదినాలుగేండ్ల ప్రాంతము. మూడింట రెండు పాళ్లు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే. తెలుగు స్త్రీల గర్భాశయము తక్కిన రాష్ట్రముల స్త్రీలకంటె మూడురెట్లు రోగగ్రస్తమైనదని ఎవ్వరును చెప్పజాలరు. మరి కారణమేమి?

ఒక గృహమును ఊహింపుడు. పదునెనిమిదేండ్లకు పెండ్లి, ఇరువదిమూడు నిండకమునుపే ఇరువురు బిడ్డలు, వెంటనే పిల్లలు పుట్టకుండ ఆపరేషను. ముప్పదిరెండేండ్లకు తెల్లబట్ట, నడుమునొప్పి, ముట్టు రోజులలో అధిక రక్తస్రావము. కోతల రోజులలోనో ఊడ్పుల రోజులలోనో నాలుగు దినములు కూలి పోవును. శ్రావణ శుక్రవారపు వ్రతమునకు అడ్డు వచ్చును. “పిల్లలు పుట్టిరి గదా, ఆ సంచితో ఇక పనియేమి? తీయించుకొనరాదా?” అని ఆడపడుచు అనును, ఆమె తీయించుకొనినది గనుక. “ఉంచినచో క్యాన్సరుగా మారును” అను మాట ఎవరో చెవిని వేయుదురు. ఆ మాట చెవిని పడినపిమ్మట ఏ భర్త కాదనగలడు? పుస్తె కుదువబెట్టియైనను చేయించును. ఇందు ఎవ్వరును దుర్మార్గులు కారు. అందరును ఆమె మేలు కోరినవారే. వృద్ధగౌతమిపై ఎదుర్లంకవద్ద వారధి పడినపిమ్మట యానాము, కాకినాడ మనకు గుమ్మము ముందరికి వచ్చినవి. పడవకొరకు రేవులో పొద్దంతయు కాచుకొనిన లంకవాసులకు అది ఎంత ఉపకారమో చెప్పనేల! వైద్యము దగ్గరయైనప్పుడు కత్తియు దగ్గరయగుట మాత్రము ఎవ్వరును తలపని సంగతి.

తెల్లబట్ట అనగా ఎముకలు కరిగి పోవుటయని మన స్త్రీలలో పెద్ద భయము కలదు. ఎముకలు కరిగి ఆ దారిని వచ్చుట యెన్నడును లేదు. కొంచెము తెల్లబట్ట ప్రతి స్త్రీకిని సహజము. దురద, దుర్వాసన, రంగు మారుట యున్నచో అది సూక్ష్మజీవులవలన కలిగిన జబ్బు. కొద్ది దినముల మందులతో పోవును. ఒక్కొక్కప్పుడు భర్తకును మందు ఇయ్యవలసియుండును. ఈ మాట చెప్పినప్పుడు మగవారు ముఖము త్రిప్పుకొనుట కలదు. నడుమునొప్పికి గర్భసంచి కారణమగుట అరుదు. తీసివేసినపిమ్మట కూడ ఆ నొప్పి ఉండుట చూచి విస్తుపోవువారెందరో.

గర్భసంచిని ఉంచినంతమాత్రమున క్యాన్సరు రాదు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు కారణము ఒక వైరస్సు. దానికి ముందు దశను కనుగొనుటకు మిక్కిలి సులభమైన పరీక్ష కలదు; వెనిగరువంటి పలుచని ఆమ్లమును దూదితో అద్ది చూచినప్పుడు చెడిన చోటు తెల్లగా మారును. కొద్ది నిమిషముల పని, కోత లేదు, నొప్పి లేదు. ముప్పది మొదలు అరువదియైదేండ్ల స్త్రీలందరికిని ఐదేండ్లకొకసారి ఈ పరీక్ష చేయవలెనని ప్రభుత్వపు నియమము. దీనిని అడిగి చేయించుకొనువారు కొలదిమంది. సంచిని తీయించుకొనువారు అంతకంటె హెచ్చు! ఆడపిల్లలకు ఆ వైరస్సునుండి కాపాడు టీకాయు వచ్చినది.

తీయించుకొనిన పిమ్మట ఏమగును? గర్భసంచితోపాటు అండాశయములను గూడ తీసివేసినచో ఆ స్త్రీకి మరునాటినుండియే ముట్లుడుగు దశ ప్రారంభమగును. ఏబదియేండ్లకు మెల్లమెల్లగా రావలసినది ముప్పదిరెండవ యేట ఒక్క పూటలో వచ్చును. వేడియావిరులు, నిద్రలేమి మిక్కుటముగా నుండును. ఎముకలు పదునైదేండ్లు ముందుగా బోలుపడ మొదలిడును. గుండెజబ్బు ముప్పు హెచ్చును. అండాశయములను ఉంచినను అవి సాధారణముగా కొన్ని సంవత్సరములు ముందుగనే క్షీణించును. నలుబదియేండ్లకే మోకాళ్లు పట్టుకొని కూలికి పోలేక కూర్చున్న స్త్రీని చూచి, ఆపరేషను పడలేదని అందురు. పడకపోవుట కాదు; తీసినది తిరిగి రాదు, అంతే.

గర్భసంచి తీయుట ఎప్పుడును తగదని కాదు. క్యాన్సరునకు, మిక్కిలి పెరిగి బాధించు కొన్ని గడ్డలకు, మందులకు లొంగని రక్తస్రావమునకు ఈ శస్త్రచికిత్స ప్రాణము నిలుపును. అట్టి స్త్రీకి దీనిని వద్దనుట పాపము. కాని అధిక రక్తస్రావమునకు ముందుగా మాత్రలు కలవు. గర్భాశయములో అమర్చి కొన్ని సంవత్సరములుంచదగిన హార్మోను లూపు కలదు. రక్తహీనతకు ఇనుపధాతువు మాత్రలు కలవు. చిన్న గడ్డలు బాధింపనిచో వానిని ఏమియు చేయనక్కరలేదు; ముట్లుడిగిన పిమ్మట అవి సాధారణముగా తమంతట తామే కృశించును. నలుబదియైదేండ్ల స్త్రీ మరి రెండు మూడేండ్లు మందులతో నెట్టుకొనివచ్చినచో కోత తప్పిపోవుట తరచు.

ఈ అన్యాయమును గుర్తించినవారు లేకపోలేదు. హైదరాబాదునందలి వైద్యులు ఎస్. వి. కామేశ్వరిగారును, వింజమూరి ప్రకాశుగారును 2009లోనే ఆంధ్రప్రదేశమున అవసరము లేక జరుగుచున్న ఈ కోతలను గూర్చి పరిశీలన వెలువరించిరి. రాజస్థాను, బీహారు, ఛత్తీసుగఢు రాష్ట్రములలో జరిగినవానిని గూర్చి డాక్టరు నరేంద్ర గుప్తా 2013లో సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. 2023 ఏప్రిలు 5న తీర్పు వచ్చినది. అనవసరముగా గర్భసంచులు తీయకుండుటకై కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఏర్పరచిన నియమములను రాష్ట్రములన్నియు మూడు నెలలలో అనుసరింపవలెనని అందు ఉత్తరువైనది. జిల్లా, రాష్ట్ర, దేశ స్థాయిలలో పరిశీలక సంఘములుండవలెనని ఆ నియమములలో కలదు. తీర్పు ఢిల్లీలో వచ్చినది; పుస్తె కుదువబెట్టుట మాత్రము పల్లెలోనే జరుగును.

భయపడవలసిన చోట భయపడరని మొదట చెప్పబడినది. అది ఇది. ముట్లుడిగి ఏడాది దాటిన పిమ్మట ఒక్క చుక్క రక్తము కనబడినను ఊరకుండరాదు. మరల ముట్టు వచ్చినదనియు, దేహములో సత్తువ యున్నదనియు పెద్దలు సంతోషించుట కలదు; సిగ్గుపడి కోడలికి గూడ చెప్పక దాచుట అంతకంటె తరచు. అట్టివారిలో నూటికి సుమారు 90 మందికి కారణము చిన్నదే యుండును; పొర పలుచబడి చిట్లుట, చిన్న పిలక మున్నగునవి. తక్కిన పదిమందిలో గర్భాశయపు క్యాన్సరు బయటపడును. ఈ క్యాన్సరు రక్తము చూపి ముందుగా హెచ్చరించును గనుక, అప్పుడే పోయినవారిలో అధికులు పూర్తిగా కోలుకొందురు. ముప్పదిరెండేండ్ల స్త్రీని పరుగున తీసికొనిపోవు ఇల్లు, అరువదియేండ్ల ముసలమ్మ మాటను పెడచెవిని పెట్టుట ఎంత విపరీతము! అట్లే గర్భసంచి జారినవారు ఏండ్లతరబడి గుడ్డ బిగించుకొని పొలము పనులు చేయుచుందురు. కటి కండరములను బిగించి వదలు సాధన, లోపల అమర్చు రబ్బరు వలయము, అవసరమైనచో శస్త్రచికిత్స, అన్నిటికిని ఉపాయములు కలవు. దాచుకొనుటకు మాత్రము కారణము లేదు.

ఎముకల సంగతి చెప్పక విడువరాదు. ముట్లుడిగిన మొదటి ఐదు పదియేండ్లలో ఎముకల సారము త్వరగా తరుగును. స్నానాలగదిలో జారి తుంటి విరిగి మంచము పట్టిన పెద్దమ్మలు ప్రతి వీధిలోను కనబడుదురు. కోనసీమ భోజనము తెల్లని బియ్యపు భోజనము. నూరు గ్రాముల బియ్యమున సున్నపుధాతువు పది మిల్లీగ్రాములకు మించదు, నూరు గ్రాముల రాగులలో మూడువందల ఏబది మిల్లీగ్రాముల ప్రాంతమున నుండును. చోడి అంబలి బీదల తిండియని తాతల కాలమున వదలివేసితిమి. నువ్వులు, పాలు, పెరుగు, మునగాకు, ఎముకతోనే నమలి తినదగిన మెత్తళ్లవంటి చిరుచేపలు మంచివి. కొంచెము ఎండ, కొంచెము నడక కావలెను. ఇంటిపని చేయుచున్నాము గదా, నడక యెందుకని ఆడవారందురు. వంగి చేయు పని వేరు, నిటారుగా నడచుట వేరు.

కడపట, వైద్యుడు గర్భసంచి తీయవలెనని చెప్పినప్పుడు ఇంటివారు అడుగవలసినవి కొన్ని కలవు. రోగము పేరేమి? మందులతో ప్రయత్నించితిరా, ఎన్ని నెలలు? తీయకున్నచో ఏమగును? అండాశయములను ఉంచెదరా, తీసెదరా? ప్రాణాపాయము వెంటనే లేనిచో రెండవ వైద్యునికి, వీలైనచో అమలాపురమునందో కాకినాడయందో ప్రభుత్వాసుపత్రిలో, చూపింపవలెను. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు.

కోత జరిగినచో మరియొక జాగ్రత్త. తమకు ఏమి తీసిరో తెలియని స్త్రీలు ఎందరో కలరు. అండాశయములు మిగిలినవా యని పదియేండ్ల పిమ్మట మరియొక వైద్యుడు అడిగినప్పుడు, “కాగితములు అప్పుడే పారవేసితిమి” అను జవాబు వచ్చును. ఇంటి పన్ను రసీదులు, శిస్తు రసీదులు, పట్టాదారు పుస్తకము సంచిలో చుట్టి దూలముపైన దాచు కుటుంబములలోనే ఇట్లు జరుగుచున్నది. ఆసుపత్రినుండి విడుదలచేయునప్పుడు ఇచ్చు కాగితమున ఏ అవయవము తీసినది, ఏ దినమున తీసినది, తీసిన భాగమును పరీక్షించి ఏమని తేల్చినది స్పష్టముగా వ్రాయించుకొని, ఆ కాగితమును ఆ రసీదులతోనే ఉంచవలెను. ఆ సంచి ఎక్కడ నున్నదో యజమానికే గాక ఆ ఇల్లాలికిని తెలిసియుండవలెను.